పాత స్కానరుకు కొత్త దుబాసీ

మీ పాఠశాల కంప్యూటరు గదిలో బీరువా పైభాగాన్ని ఒకసారి చూడండి. దుమ్ము పట్టిన అట్టపెట్టెలో, పలకకంటె కాస్త పెద్దదిగా, పుస్తకంలా తెరుచుకునే మూతతో ఒక చదునైన పరికరం కనబడవచ్చు. అదే ఫ్లాట్‌బెడ్ స్కానరు. పదిహేను, ఇరవై ఏళ్ల క్రితం కొన్నది. “ఇది పనిచేయడం లేదు మాస్టారూ” అని ఎవరో అని ఉంటారు. ఆనాటి నుంచి అది అక్కడే ఉండి ఉంటుంది.

ఇలా మూలపడిన స్కానర్లలో చాలావాటికి నిజానికి ఏ జబ్బూ లేదు. దీపం వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది, గాజు పలక చెక్కుచెదరలేదు. మారింది స్కానరు కాదు, దాని పక్కనున్న కంప్యూటరు. పాత కంప్యూటరు పోయి కొత్తది వచ్చింది. కొత్తదానికి ఈ స్కానరు భాష తెలియదు. అంతే!

రెండు భాషలు తెలిసి, ఇద్దరి మధ్య మాట చేరవేసే మనిషిని మన పెద్దలు దుబాసీ అనేవారు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మచిలీపట్నం, చెన్నపట్నం రేవుల్లో దుబాసీ లేనిదే దొరలకు వర్తకం సాగేది కాదు. కంప్యూటరుకూ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య ఇదే పని చేసే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. డ్రైవరు అనగానే బండి తోలేవాడు గుర్తుకువస్తాడు కనుక ఈ పాఠంలో మనం దుబాసీ అనే పిలుచుకుందాం.

స్కానరు కొన్నప్పుడు దానితోపాటు ఒక సీడీ ఇచ్చేవారు. దుబాసీ అందులో ఉండేవాడు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వంటి ఆనాటి వ్యవస్థలకు, అంటే 32 బిట్ల లెక్కలో నడిచే కంప్యూటర్లకు, సరిపోయేలా అతన్ని తయారుచేశారు. తరువాత 64 బిట్ల వ్యవస్థలు వచ్చాయి. 32 బిట్ల కాలపు డ్రైవరును 64 బిట్ల విండోస్ తన లోపలికి రానివ్వదు. ఆ స్కానరు తయారుచేసినవారు కొత్త దుబాసీని రాసి ఇవ్వాలి. అమ్మేసిన సరుకుకు మళ్లీ మళ్లీ ఎవరు రాసిస్తారు? కొందరు రాశారు, చాలామంది రాయలేదు. పాత దుబాసీని మనమే సవరించుకుందామంటే ఆ ప్రోగ్రాము పాఠం మన చేతికి ఇవ్వరు.

మా పాఠశాలలోనూ ఇలాంటి స్కానరు ఒకటి ఉంది. మరమ్మతులు చేసే ఒకాయన దాన్ని తెరిచైనా చూడకుండానే, “దీనికి కాలం చెల్లింది, కొత్తది కొనుక్కోండి” అని తీర్పు చెప్పేశాడు. అప్పుడు మా ముందున్న పని చిన్నది కాదు. విద్యార్థులు చేత్తో రాసి, బొమ్మలు వేసి తయారుచేసిన లిఖిత పత్రికలు మా గ్రంథాలయంలో ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటికి రెండో ప్రతి లేదు. కాగితం పసుపు తిరిగి, పేజీ తిప్పితే అంచులు రాలిపోతున్నాయి. వాటిని చిత్రాలుగా మార్చి దాచకపోతే కొన్నేళ్లకు ఏమీ మిగలదు. స్కానరు కావాలి. కొత్తది కొనే డబ్బు లేదు. అందుచేత ఈ పాఠం ఊసుపోక రాసినది కాదు. మా తొమ్మిదో తరగతి పిల్లలు వరుసగా చేసిన పనినే మీకూ చెబుతున్నాను.

ముందు, ఆ పెట్టెలో ఏముందో తెలుసుకుందాం. ఉదాహరణకు కానన్ వారి కానోస్కాన్ లైడ్ 25 అనే రకాన్ని తీసుకుంటాను. గాజు పలక కింద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక కడ్డీ అడ్డంగా ఉంటుంది. స్కాను చేసేటప్పుడు వెలుగుతూ మెల్లగా ముందుకు జరిగేది అదే. అందులో మూడు పనిముట్లు ఉన్నాయి. మొదటిది ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఎల్.ఇ.డి. దీపాలు. రెండోది సన్నని గాజు కడ్డీల వరుస. ఇవి కటకాల్లా పనిచేసి, కాగితం మీది గీతను ఉన్నంత పరిమాణంలోనే కింద పడేటట్టు చేస్తాయి. మూడోది కాంతిని విద్యుత్తుగా మార్చే సూక్ష్మ గ్రాహకాల వరుస. అంగుళానికి 1200 చొప్పున ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పుకు లెక్కవేయండి. 10,200 గ్రాహకాలు! ఒకదానికీ పక్కదానికీ మధ్య దూరం 25.4 మిల్లీమీటర్లను 1200తో భాగిస్తే వస్తుంది. అంటే సుమారు 0.021 మిల్లీమీటర్లు. మీ తలవెంట్రుక దీనికన్నా లావుగా ఉంటుంది.

ఈ గ్రాహకాలకు రంగులు తెలియవు. ఎంత వెలుతురు పడిందో మాత్రమే తెలుసు. మరి రంగు చిత్రం ఎలా వస్తుంది? ఒక్కొక్క గీత దగ్గర మొదట ఎర్ర దీపం వెలుగుతుంది, గ్రాహకాలు కొలుస్తాయి. తరువాత ఆకుపచ్చ దీపం, మళ్లీ కొలత. ఆ పైన నీలం, మళ్లీ కొలత. ఎర్ర గులాబీ బొమ్మ మీద ఎర్ర కాంతి పడితే బాగా పరావర్తనం చెందుతుంది. నీలి కాంతి పడితే చాలావరకు శోషణమైపోతుంది. ఇలా వచ్చిన మూడు కొలతలను కలిపితే ఆ చుక్క రంగు తెలిసిపోతుంది. ఒక్కొక్క కొలతను 0 నుంచి 255 వరకు ఒక సంఖ్యగా రాస్తారు. అంటే ఒక బైటు. కనుక రంగు చుక్క ఒక్కింటికి మూడు బైట్లు.

ఇక ఒక ఎ-4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాను చేస్తే ఎన్ని బైట్లవుతాయి? వెడల్పున 2,480 చుక్కలు, పొడవున 3,508. గుణిస్తే 86,99,840 చుక్కలు. మూడుతో గుణిస్తే సుమారు 2 కోట్ల 61 లక్షల బైట్లు. ఈ స్కానరు కేబులు గుండా సెకనుకు గరిష్ఠంగా 1 కోటి 20 లక్షల బిట్లు పోగలవు. ఎనిమిది బిట్లు ఒక బైటు కదా, అంటే 15 లక్షల బైట్లు. కనుక ఆ పేజీ కంప్యూటరును చేరడానికి 17 సెకన్లకు పైనే పడుతుంది. అదే కాగితాన్ని 1200 చుక్కల చొప్పున చేస్తే వెడల్పూ పొడవూ రెండూ నాలుగింతలు, మొత్తం పదహారింతలు. నాలుగున్నర నిమిషాలు దాటుతుంది! “స్కానరు మొరాయిస్తోంది” అని ఫిర్యాదు చేసేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. అచ్చు అక్షరాలకు 300 చాలు, మరీ సన్నని అక్షరాలకు 600. అంతకుమించి అడగడం చాలా సందర్భాల్లో వృథా.

ఇంత పనినీ నడిపించేది లోపలి చిప్పు. దీపం ఎప్పుడు వెలగాలి, మోటారు ఎన్ని అడుగులు వేయాలి అనేది అది చూసుకుంటుంది. కాని ఆ చిప్పు తనంతట తాను ఏమీ చేయదు. కంప్యూటరు నుంచి ఆజ్ఞలు రావాలి. “ఫలానా గదిలో ఫలానా సంఖ్య వేయి” అన్నట్టుగా ఉంటాయి ఆ ఆజ్ఞలు. ఆ గదులు ఏవో, ఏ సంఖ్యకు ఏం జరుగుతుందో తెలిసినవాడే దుబాసీ కాగలడు.

ఇప్పుడు లినక్స్ విషయానికి వద్దాం. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన నిర్వాహక వ్యవస్థ ఇది. దీని ప్రోగ్రాము పాఠాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అటువంటి పాఠం అందరికీ అందుబాటులో ఉండాలన్న పట్టుదలకు వెనుక ఒక ప్రింటరు కథ కూడా ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకు ఒక కొత్త లేజరు ప్రింటరు వచ్చింది. అంతకుముందున్న ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు అందేలా రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు దాని ప్రోగ్రామును సవరించుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని పాఠం ఇవ్వలేదు. 1983లో ఆయన గ్నూ అనే పథకాన్ని ప్రకటించడానికి దారితీసిన అనుభవాల్లో ఇది ఒకటి. అడిగింది చూడండి, ఎంత చిన్న విషయమో!

లినక్స్‌లో స్కానర్లకు దుబాసీలను సమకూర్చే పథకం పేరు సేన్. “స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ” అనే మాటల తొలి అక్షరాలవి. ఇంగ్లీషులో ఆ పదానికి బుద్ధి స్థిమితంగా ఉన్నవాడని అర్థం. 1990 తరువాతి దశాబ్దంలో మొదలై, ఎన్నో దేశాల ప్రోగ్రామర్ల చేతులు పడి పెరిగింది. దీని ఏర్పాటు మన బంతి భోజనం లాంటిది. వంటగదిలో వంటవాడు ఉంటాడు, పంక్తిలో వడ్డించేవాడు ఉంటాడు. పొయ్యి సంగతి వంటవాడికి తెలుసు. అతిథికి ఏం కావాలో వడ్డించేవాడికి తెలుసు. సేన్‌లో ఒక్కొక్క జాతి స్కానరుకు ఒక్కొక్క వంటవాడు ఉంటాడు. అతన్ని బ్యాక్ఎండ్ అంటారు. మన దుబాసీ ఇతనే. తెర మీద బొత్తాలు చూపించి మనతో వ్యవహరించే ప్రోగ్రాము వడ్డించేవాడు, అంటే ఫ్రంట్ఎండ్. వీరిద్దరూ వేరువేరు కనుక కొత్త స్కానరు వస్తే వంటవాణ్ణి మాత్రం చేర్చుకుంటే చాలు, వడ్డించే ప్రోగ్రాములన్నీ మామూలుగానే పనిచేస్తాయి.

మనం తీసుకున్న లైడ్ 25కు వంటవాడి పేరు ప్లస్‌టెక్. ఇదేమిటి, ప్లస్‌టెక్ అనేది వేరే కంపెనీ పేరు కదా అని మీకు సందేహం రావచ్చు. రావాలి కూడా! విషయం ఏమిటంటే, పెట్టె మీద పేర్లు వేరైనా లోపలి చిప్పులు ఒకటే అయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి. నేషనల్ సెమీకండక్టర్ అనే సంస్థ ఎల్.ఎం. 9831, 9832, 9833 అనే చిప్పులను తయారుచేసింది. వేరువేరు కంపెనీలు వాటిని కొని తమ స్కానర్లలో వాడుకున్నాయి. చిప్పులో ఏ గది దేనికో చెప్పే వివరపత్రాన్ని ఆ సంస్థ బాహాటంగానే ఇచ్చింది. గెర్హార్డ్ యేగర్ అనే ప్రోగ్రామరూ, ఆయనకు తోడైనవారూ రాసిన ఆ ఒక్క దుబాసీ ఇన్ని పేర్ల స్కానర్లకు పనికివచ్చింది. వివరపత్రం దొరకని చిప్పులకు పని కష్టం. స్కానరు పాత విండోస్‌తో పనిచేస్తున్నప్పుడు కేబులు గుండా పోయే సంకేతాలను పట్టి రాసుకుని, ఏ ఆజ్ఞకు ఏం జరిగిందో ఒక్కొక్కటిగా ఊహించి, పరీక్షించి తేల్చుకోవాలి. తెలియని లిపిలోని శాసనాన్ని చదవడం లాంటి పని అది.

సరే, ఇక పని మొదలుపెడదాం.

స్కానరును తిరగేసి అడుగుభాగం చూడండి. రవాణాలో కదలకుండా కడ్డీని బిగించి ఉంచే చిన్న తాళం చాలా రకాల్లో ఉంటుంది. తాళం బొమ్మ గీసి ఉంటుంది. దాన్ని తెరిచిన వైపుకు జరపండి. ఇది మరిచిపోయి స్కాను మొదలుపెడితే మోటారు గరగరమంటుంది గాని కడ్డీ కదలదు. మంచి స్కానర్లు కొన్ని “మోటారు పోయింది” అనిపించుకున్నది ఈ తాళం వల్లనే. గాజును మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. నీళ్లు చిమ్మవద్దు, అంచుల నుంచి లోపలికి దిగుతాయి.

లినక్స్ ఉన్న కంప్యూటరుకు స్కానరును తగిలించండి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఏదైనా ఫరవాలేదు. మన దేశంలో సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ పునాది మీద కట్టినదే. వీటిలో “డాక్యుమెంట్ స్కానర్” అనే ప్రోగ్రాము సాధారణంగా ముందే ఉంటుంది. లేకపోతే ఉచితంగా చేర్చుకోవచ్చు. దాన్ని తెరిచి స్కాను బొత్తాం నొక్కండి. చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది! సీడీ అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. దుబాసీ ఆ వ్యవస్థలోనే కాచుకుని ఉన్నాడన్నమాట.

పని కాకపోతే? అప్పుడే మన విజ్ఞాన శాస్త్రం అవసరమయ్యేది. ఏదో ఒకటి నొక్కి చూడటం పద్ధతి కాదు. ఇంట్లో దీపం వెలగకపోతే ఏం చేస్తారు? ముందు ఊరంతా కరెంటు ఉందా, తరువాత మన ఇంటి ఫ్యూజు సరిగా ఉందా, ఆ పైన స్విచ్చి, చివరికి బల్బు. ఇక్కడా అదే వరుస.

టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరవండి. ఇందులో ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ఇక్కడ వాటి ఉచ్చారణను తెలుగులో ఇస్తున్నాను. మొదటి ఆజ్ఞ ఎల్‌-ఎస్‌-యు-ఎస్‌-బి, ఐదు అక్షరాలు కలిపి టైపు చేసి ఎంటర్ నొక్కండి. యు.ఎస్.బి. కేబుళ్లతో తగిలించిన పరికరాలన్నీ ఒక్కొక్క వరుసలో కనబడతాయి. మన స్కానరుకు 04ఎ9:2220 అనే గుర్తు ఉంటుంది. దీన్ని చూసి కంగారుపడకండి. ఇది పదహారు అంకెల లెక్క. తొమ్మిది తరువాత పదికి బదులు ఎ, పదకొండుకు బి, అలా పదిహేనుకు ఎఫ్ వరకు వాడతారు. 04ఎ9 అంటే నాలుగు 256లు, పది 16లు, తొమ్మిది ఒకట్లు. 1024 + 160 + 9 = 1193. ఇది కానన్ కంపెనీకి కేటాయించిన సంఖ్య. రెండో భాగం ఆ కంపెనీ ఈ రకానికి ఇచ్చిన సంఖ్య. దాని విలువ ఎంతో మీరే కట్టి చూడండి. 8736 రావాలి.

ఈ వరుసే కనబడకపోతే తప్పు దుబాసీది కాదు. కేబులు మార్చండి, వేరే రంధ్రంలో పెట్టండి. లైడ్ రకాలకు వేరే కరెంటు తీగ ఉండదు. యు.ఎస్.బి. ఇచ్చే 5 వోల్టులు, అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లతోనే దీపం, మోటారు, చిప్పు అన్నీ నడవాలి. పొడుగాటి చవుక కేబులు పెడితే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. మరొక సంగతి. కొత్త కంప్యూటర్లలో లోపల నీలం రంగు ఉండే వేగవంతమైన రంధ్రాలతో కొన్ని పాత స్కానర్లకు పొసగదు. నల్లగా ఉండే పాతరకం రంధ్రం దొరికితే అందులో పెట్టండి.

రెండో ఆజ్ఞ సేన్-ఫైండ్-స్కానర్. మధ్యలో రెండు అడ్డగీతలు ఉన్నాయి, మరువకండి. కనబడిన పరికరాల్లో స్కానరు ఏదో, దానిలో ఏ చిప్పు ఉందో ఇది పసిగట్టడానికి ప్రయత్నిస్తుంది. మన ఉదాహరణలో ఎల్.ఎం. 9832/3 అని చెబుతుంది. మూడో ఆజ్ఞ స్కాన్‌ఇమేజ్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, పెద్ద అక్షరం ఎల్. దీనికి జవాబుగా ప్లస్‌టెక్ అనే పేరుతో మొదలయ్యే వరుస వస్తే దుబాసీ దొరికినట్టే.

రెండో ఆజ్ఞకు స్కానరు కనబడి, మూడోదానికి కనబడకపోతే? రెండు కారణాలు ముఖ్యంగా చూడాలి. ఒకటి అనుమతి. లినక్స్‌లో ప్రతి పరికరానికీ యజమాని ఉంటాడు. బీరువా తాళం ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉంటే మనం పుస్తకం తీసుకోలేం కదా, అలాగన్నమాట. మూడో ఆజ్ఞకు ముందు సూడో అనే మాట చేర్చి, సంకేతపదం ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి. అధికారి హోదాలో స్కానరు కనబడి, మామూలుగా కనబడకపోతే లోపం అనుమతిదే. కంప్యూటరు చూసే మాస్టారితో చెప్పి మీ పేరును “స్కానర్” అనే గుంపులో చేర్పించుకోండి. ఆ తరువాత ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలి. ఎప్పుడూ అధికారి హోదాతోనే స్కాను చేద్దాంలే అనుకోకండి. అది అలవాటైతే ఒకనాడు పొరపాటున అవసరమైనవే చెరిపేస్తారు.

రెండో కారణం, వంటవాడి పేరు హాజరుపట్టీలో లేకపోవడం. సేన్‌కు డీ.ఎల్.ఎల్. అనే పేరుగల చిన్న పట్టీ ఉంటుంది. అందులో ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క వంటవాడి పేరు రాసి ఉంటుంది. పేరు ముందు హ్యాష్ గుర్తు ఉంటే అతను సెలవులో ఉన్నట్టు. ఆ గుర్తు తీసేస్తే పనిలోకి వస్తాడు. పట్టీలో మార్పు చేసేముందు దాని నకలు ఒకటి తీసి పెట్టుకోవాలని వేరే చెప్పాలా?

మీ స్కానరు వేరే రకమైతే సేన్ పథకంవారు ప్రచురించే పెద్ద జాబితాలో వెదకండి. ప్రతి స్కానరు పేరుకూ ఎదురుగా పూర్తిగా పనిచేస్తుంది, బాగా పనిచేస్తుంది, ఓ మోస్తరుగా, అతి స్వల్పంగా, పరీక్షించలేదు, పనిచేయదు అని దర్జాలు రాసి ఉంటాయి. పెట్టె మీది పేరు కన్నా ఇందాకటి 04ఎ9 వంటి సంఖ్యను పట్టుకుని వెదకడం మేలు. ఒకే పేరుతో వేరువేరు చిప్పులు అమ్మిన సందర్భాలు ఉన్నాయి. “పనిచేయదు” అని ఉంటే మాత్రం వారాల తరబడి దానితో కుస్తీ పట్టకండి. ఎవరో ఇప్పటికే పట్టి చూసి అలా రాశారు.

మరొక జాతి స్కానర్లు ఉన్నాయి. వీటికి జ్ఞాపకశక్తి తక్కువ. కరెంటు తీయగానే తమ పని తామే మరచిపోతాయి. ప్రతిసారీ కంప్యూటరు ఒక చిన్న ప్రోగ్రామును పంపి వాటిని నిద్రలేపాలి. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. ఎప్సన్ పర్ఫెక్షన్ 1670, 2480 ఇటువంటివి. వీటికి స్నాప్‌స్కాన్ అనే దుబాసీ ఉన్నాడు గాని, ఆ ఫర్మ్‌వేర్ కంపెనీ సొత్తు కనుక సేన్‌తోపాటు ఇవ్వరు. పాత సీడీలోంచి తీసి, అది ఎక్కడుందో స్నాప్‌స్కాన్ పట్టీలో రాయాలి. అందుకే, పిల్లలూ, పనికిరాదనుకున్న సీడీని పారేయవద్దు!

చిత్రం వచ్చింది గాని నిలువు చారలు కనబడుతున్నాయా? గాజు పలక మొదట్లో, అంచు కింద ఒక తెల్లని పట్టీ ఉంటుంది. స్కాను మొదలుపెట్టే ముందు కడ్డీ ఆ పట్టీని చూసి, వేలాది గ్రాహకాల్లో ఏది ఎక్కువ చూపుతుందో, ఏది తక్కువ చూపుతుందో సరిచూసుకుంటుంది. మన ప్రయోగశాలలో త్రాసును సున్నాకు సరిచేసుకున్నట్టు. దానికి ఎదురుగా గాజు మీద దుమ్ము రేణువు ఉంటే ఆ గ్రాహకం తప్పుగా సరిచూసుకుంటుంది. ఆ తప్పు పేజీ పొడుగునా గీతై కనబడుతుంది. మా స్కానరుకు ఉన్న ఒకే ఒక్క “రోగం” ఇదే. గుడ్డతో తుడిస్తే పోయింది.

ఆ తరువాత మా పిల్లలు లిఖిత పత్రికలను ఒక్కొక్క పేజీ చొప్పున స్కాను చేశారు. కుట్టు విప్పని పుస్తకాన్ని బలంగా గాజుకు అదిమితే వెన్ను విరుగుతుంది. కుట్టు దగ్గర కాగితం గాజుకు ఆనదు కనుక అక్కడి అక్షరాలు మసకగా వచ్చాయి. ఈ రకం స్కానరుకు చూపు గాజును ఆనిన వస్తువు మీదనే. దీపం గొట్టం, అద్దాలు, పెద్ద కటకం ఉన్న లావుపాటి సీ.సీ.డీ. స్కానర్లకు కాస్త లోతు చూపు ఉంటుంది. మీ బీరువా మీద అలాంటిది ఉంటే పుస్తకాలకు దానినే వాడండి. చూడటానికి మొరటుగా ఉన్నా దీనికి అదే మేలు.

అచ్చు పుస్తకాల చిత్రాలనైతే అక్షరాలుగా కూడా మార్చవచ్చు. టెసరాక్ట్ అనే ప్రోగ్రాము ఈ పని చేస్తుంది. 1985లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో మొదలై, 2005లో దాని పాఠం అందరికీ విడుదలైంది. ఇప్పుడు తెలుగు కూడా చదువుతుంది. అయితే మ, య ల మధ్యా, ప, వ ల మధ్యా తడబడవచ్చు. ఒత్తుల దగ్గర సరేసరి. అది చదివినదాన్ని మూలంతో పోల్చి దిద్దే పని మీరే చేయాలి.

స్కానరు నడిచింది కనుక రెండు ప్రయోగాలు చెబుతాను.

ఒక పెన్సిలును గాజు మీద పొడవునా, కడ్డీ ప్రయాణించే దిక్కులో పెట్టండి. 300 చుక్కలకు సరిచేసి రంగుల్లో స్కాను మొదలుపెట్టి, కడ్డీ పెన్సిలు కిందికి వచ్చాక దాన్ని కుడి ఎడమలకు వేగంగా ఆడించండి. వచ్చిన చిత్రాన్ని పెద్దది చేసి అంచులు చూడండి. ఎర్రని, పచ్చని, నీలి అంచులు కనబడతాయి. మూడు దీపాలు ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటి వెలుగుతాయని చెప్పాను కదా. ఎర్ర దీపం చూసిన చోటి నుంచి నీలి దీపం వెలిగేలోగా పెన్సిలు కాస్త జరిగిపోయింది!

రెండోది, స్కానరు చూపు లోతును కొలవడం. 15 సెంటీమీటర్ల స్కేలును అంకెలు కిందికి ఉండేలా గాజు మీద పెట్టి, సున్నా ఉన్న కొన గాజును తాకేటట్టు, రెండో కొన కింద రబ్బరో అగ్గిపెట్టో ఉంచి 3 సెంటీమీటర్లు పైకి లేపండి. గాజు మీద గీత పడకుండా రబ్బరు కింద కాగితం వేయండి. మూత తెరిచే ఉంచి, గదిలో వెలుతురు తగ్గించి స్కాను చేయండి. సున్నా దగ్గర గీతలు స్పష్టంగా ఉండి, క్రమంగా మసకబారతాయి. గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోయిన చోటి అంకె రాసుకోండి. అది 2 అనుకుందాం. సరూప త్రిభుజాల సూత్రం ప్రకారం అక్కడి ఎత్తు 3 × 2/15, అంటే 0.4 సెంటీమీటర్లు. మీ స్కానరుకు ఎంత వస్తుందో కొలవండి. సీ.సీ.డీ. రకం స్కానరు కూడా దొరికితే దానితోనూ ఇదే కొలత తీసి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూడండి.